అందరూ నువ్వే అనండి

ఆ ఉదయం రచయిత్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేసి, స్నానం చేసి, ఇస్త్రీ చేసి పెట్టుకున్న లేత నీలం చొక్కా తొడుక్కుని, అందరికంటే ముందు ఆఫీసుకు చేరుకోవాలి. పెద్దావిడ వచ్చేలోగా తను రాసిన ఆటను మొదటి నుంచి ఒకసారి నెమ్మదిగా ఆడి చూసుకోవాలి. అంతే.

ఆమె వీడియో గేములకు కథలూ మాటలూ రాస్తుంది. ఆ సంగతి అపార్ట్‌మెంటులో తెలియనివాళ్ళు లేరు. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, అత్తగారే చెప్పారు. లిఫ్టులో ఎవరు కనిపించినా "మా కోడలు ఆటలు రాస్తుంది" అనేవారు. "ఆడుతుందాండీ?" అని అవతలివాళ్ళు సరిదిద్దబోతే, "ఆడేవాళ్ళు బోలెడుమంది. మాది రాస్తుంది" అని తమ అంతస్తు రాకముందే తేల్చేసేవారు.

ఈసారి రాసింది ఒక మహిళా దళపతి కథ. ఆడేవాళ్ళు ఆ దళపతి పాత్రలోకి దూరి, కోటలో తిరుగుతూ, ఎదురైనవాళ్ళతో మాట్లాడుతూ, యుద్ధాలు చేస్తూ, మనసైతే ఒకరిని ప్రేమిస్తూ ముందుకు వెళ్ళాలి. పేచీ అంతా ఆ ప్రేమ దగ్గరే వచ్చింది.

కంపెనీ డైరెక్టరును ఆఫీసులో అందరూ చాటుగా తొందరగారు అంటారు. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే ఆయన జవాబు పూర్తయిపోతుంది. ప్రేమ విషయంలోనూ ఆయన పద్ధతి తేలికైనదే. ఎదుటి పాత్రకు హారం ఇస్తే పది మార్కులు, కత్తి ఇస్తే పదిహేను, పొగిడితే ఐదు. నూరు నిండగానే పడకగది తెరుచుకుంటుంది, లోపల జరిగేదంతా తెర మీద కనిపిస్తుంది. నమూనాగా ఒక దృశ్యం కూడా తయారు చేయించాడు. అందులో ముద్దు పెట్టుకుంటుంటే ఒకరి ముక్కు ఇంకొకరి చెవి పక్కనుంచి బయటికి వచ్చింది. దళపతికి కవచం విప్పడం ఎవరికీ గుర్తుకు రాకపోవడంతో, మిగతా శృంగారమంతా పక్కింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడుతో సాగింది.

"చూపించడం తప్పని కాదండీ," అంది రచయిత్రి ఆ రోజు. "ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడ్డాక అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? కానీ హారం వేస్తే తలుపు తెరుచుకోవడానికి వాడు మనిషా, బిళ్ళ వేస్తే చీటీ ఇచ్చే బరువు మిషనా? వాడికీ ఒక మనసుండాలి. వద్దనే వీలుండాలి."

ఆమె రాసుకున్న పద్ధతి వేరు. ఆ ఆటలో దళపతిని అందరూ "మీరు" అంటారు. మంత్రులూ, కాపలావాళ్ళూ, చివరికి శత్రువులూ అంతే. ఒకే ఒక్క మనిషి, అదీ తన మనసు కుదిరిన క్షణంలో, ఆమెను "నువ్వు" అంటాడు. ఆ మాట వినిపించగానే దీపం తగ్గుతుంది, తలుపు మూసుకుంటుంది. తెల్లారాక "నిద్ర పట్టిందా?" అని అడుగుతాడు. అంతకు మించి ఏమీ కనిపించదు. ఆ ఒక్క "నువ్వు" దగ్గరికి మనిషిని నడిపించడానికి ఆమె ఎన్ని కప్పుల టీ చల్లార్చుకుందో లెక్కలేదు. ఎప్పుడైనా ఒంటరిగా ఆ దృశ్యం చదువుకుంటే, ఇది నేనే రాశానా అని ఆమెకే గర్వంగా ఉండేది.

ఈ పద్ధతిని ఆమె వివరిస్తుంటే తొందరగారు తలుపు మూసుకోవడం దాకానే విన్నాడు. ఎందుకు మూసుకుంటుందో వినేలోగా ఆయనకు ఫోన్ వచ్చింది.

ఆ తలుపును ఆటలో అమర్చింది ప్రోగ్రామరు. అతనికి ఆఫీసులో పేరు అడ్డదారి. ఏ పాత్ర నోట "నువ్వు" అనే మాట మొదటిసారి పడితే, ఆ పాత్రతో దళపతికి తలుపు పడేలా అమర్చేశాడు. "ఇంకెవరూ అనరు కదక్కా! వేరే గుర్తు పెట్టుకోవడం దండగ," అన్నాడు. ఆ వాదనలో ఆ ఉదయం దాకా ఏ లోపమూ లేదు.

పెద్దావిడంటే ఆ ఆటను బజారులోకి విడుదల చేయాల్సిన సంస్థకు యజమానురాలు. ఆవిడే స్వయంగా వచ్చి, ఆడి చూసి, రచయిత్రి తలుపా, తొందరగారి మార్కులా అన్నది తేలుస్తానంది. మార్కులు నెగ్గితే రచయిత్రి రాసిన ప్రేమకథ మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది.

రచయిత్రి స్నానాల గదిలో ఉండగా భోజనాల బల్ల మీద ఆమె ఫోన్ మోగింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని తీశారు.

"మేడం, ఒక్కటే మాట..." అంటూ అవతల తొందరగారు అప్పటికే మొదలుపెట్టేశాడు.

"కోడలు స్నానం చేస్తోంది బాబూ. నేను వాళ్ళ అత్తగారిని."

"అయితే మీరే అడిగి చెప్పండి. నాకు మొదటినుంచీ అనిపిస్తోందండీ, ఈ 'మీరు, మీరు' అనడం మరీ బిగదీసుకున్నట్టుంది. 'నువ్వు' అంటే దగ్గరితనం ఉంటుంది. మార్చేద్దామంటే ఆవిడేమైనా అనుకుంటారేమోనని..."

అత్తగారి మనసు నిండిపోయింది. అంత పెద్ద డైరెక్టరు, తన కోడలిని నువ్వు అనడానికి ఇంటికి ఫోన్ చేసి అనుమతి అడుగుతున్నాడు! ఈ రోజుల్లో ఇంత మర్యాద ఎక్కడుంది?

"దానికి అడగడం దేనికి బాబూ! శుభ్రంగా నువ్వనే అను. అది ఏమీ అనుకోదు."

"నేనొక్కణ్ణే కాదండీ, అందరిచేతా అనిపిద్దామని."

"అందరూ అనండి. మనలో మనకి ఈ మీరులూ గీరులూ ఎందుకు?"

"కాపలావాళ్ళ చేత కూడానా అండీ?"

అత్తగారు ఒక్క క్షణం తటపటాయించారు. కానీ కోడలి పరువు నిలబెట్టాల్సిన సమయంలో వెనక్కి తగ్గడం ఆవిడకు అలవాటు లేదు. "అననీ బాబూ. మా పిల్లకి గర్వం లేదు."

రచయిత్రి తల తుడుచుకుంటూ వచ్చింది. "ఎవరత్తయ్యా ఫోన్?"

"మీ ఆఫీసాయన. నువ్వంటే ఎంత గౌరవమే అతనికి! సరేనన్నాను."

"దేనికి సరేనన్నారు?"

"అదే, నువ్వంటేనూ... ముందు ఆ తల సరిగ్గా తుడుచుకో, జలుబు చేస్తుంది."

ఆమె ఆఫీసు మెట్లెక్కేసరికి తొందరగారు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "మేడం ముందే వచ్చేశారు. లోపల కూర్చున్నారు. మీరేం దిగులు పడకండి, మీరు ఒప్పుకున్న మార్పు నా చేత్తో నేనే చేసేశాను. మాటలన్నీ ఒకే చోట ఉన్నాయిగా, ఒక్క మీట నొక్కాను, అయిపోయింది."

"నేనేం ఒప్పుకున్నాను?" అని ఆమె అడిగేలోగా ఆయన లోపలికి వెళ్ళి "మొదలుపెడదామా మేడం?" అంటున్నాడు.

పెద్దావిడ నెరిసిన జుట్టును బిగించి కట్టుకుని, కుర్చీ అంచున నిటారుగా కూర్చుంది. గేము మీటలున్న పెట్టెను చేతిలోకి తీసుకున్న తీరు చూస్తేనే ఇదివరకు చాలా ఆటలు ఆడి, చాలావాటిని తిప్పి పంపిన మనిషని తెలుస్తోంది. గోడకున్న పెద్ద తెర మీద దళపతి గుర్రం దిగి కోట గుమ్మం దగ్గరికి నడిచింది. అక్కడ సుంకం అధికారి నిలబడి ఉన్నాడు. పాత్రలకు ఇంకా గొంతులు పెట్టలేదు కనుక మాటలు కింద అక్షరాల్లో పడుతున్నాయి.

'సుంకం అధికారి నీసాలు దువ్వుకుంటూ అడ్డం వచ్చాడు. "ఆగండి! నువ్వు ఎవరు? నీ మూటలు ఆ బల్ల నీద పెట్టండి."'

దీపం తగ్గింది. తలుపు మూసుకుంది. తర్వాత పిట్టలు కూశాయి, తెల్లారింది. సుంకం అధికారి కిటికీ దగ్గర నిలబడి, "నిద్ర పట్టిందా?" అని అడిగాడు.

వెనక కూర్చున్న అడ్డదారి, కుర్చీలోంచి కిందికి జారుతున్న కొద్దీ పొట్టివాడైపోతున్నాడు.

"ఇదేంటయ్యా?" అంది పెద్దావిడ. "ఇంకా మూట కూడా విప్పలేదు."

"వేగం మేడం," అన్నాడు తొందరగారు. ఏం జరిగిందో ఆయనకూ తెలియదు గానీ, తెలియనిదాన్ని సమర్థించడం ఆయనకు వృత్తిలో భాగం. "మా ఆటలో వేగం ఎక్కువ."

"మరి నీసాలేంటి? బల్ల నీదేంటి?"

"అది ఆ రాజ్యపు యాస మేడం."

రచయిత్రికి అప్పుడు అర్థమైంది. ఈయన "మీరు"ను "నువ్వు" చేసి ఊరుకోలేదు. "మీ" కనిపించిన ప్రతిచోటా "నీ" చేసేశాడు. మీసాలు నీసాలయ్యాయి, మీద నీదయింది. చెయ్యని పని ఒక్కటే, చివర ఉన్న "అండి"ని ముట్టుకోలేదు. ఆమెకు ముందు కోపం వచ్చింది వ్యాకరణానికి. మిగతా ప్రమాదం ఆ తర్వాత గుర్తొచ్చింది.

తెర మీద గుర్రాలశాల వచ్చింది. శాల అధికారి దండం పెట్టి, "నువ్వు ఏ గుర్రం నీద బయలుదేరుతారు?" అన్నాడు. దళపతి ఏ గుర్రం మీదా బయలుదేరలేదు. తలుపు మూసుకుంది. "నిద్ర పట్టిందా?" అన్నాడు శాల అధికారి.

రచయిత్రి తొందరగారి పక్కకు వంగి, పళ్ళ మధ్యనుంచి అంది. "ఆపించండి. ఇది నా రాత కాదు."

"మీరే కదండీ అందరిచేతా నువ్వనిపించమన్నారు!"

"నేనా?"

"పొద్దున మీ అత్తగారితో చెప్పించారుగా. కాపలావాళ్ళ సంగతి కూడా అడిగాను. గర్వం లేదన్నారు."

ఆమె వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, పొద్దున మా డైరెక్టరు గారితో ఏమన్నారు?"

"ఏమన్నాను, నిన్ను నువ్వనమన్నాను. అంటున్నాడా?"

"అందరూ అంటున్నారు!"

"అనరు మరి! మొహమాటం పడతారని నేనే గట్టిగా చెప్పాను. ఏం, తప్పా?"

"తప్పు కాదత్తయ్యా..." అంటుండగా లోపలినుంచి మళ్ళీ పిట్టల కూత వినిపించింది. "తర్వాత చెప్తాను."

ఆమె వెళ్ళేసరికి శత్రురాజు పంపిన రాయబారి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "నువ్వు లొంగిపోండి, లేకపోతే నీ కోట నీదకు మా సేనలు వస్తాయి" అని అతను గర్జించాడట. ఇప్పుడు నిద్ర పట్టిందా అని అడుగుతున్నాడు.

"యుద్ధం ఏమైంది?" అంది పెద్దావిడ.

"ప్రస్తుతానికి చల్లబడింది మేడం," అన్నాడు తొందరగారు నుదురు తుడుచుకుంటూ.

తర్వాత సభామండపం. మంత్రులంతా వరసగా లేచి నిలబడ్డారు. అడ్డదారి కళ్ళు మూసుకున్నాడు. మంత్రిమండలి ముక్తకంఠంతో "నువ్వు ఆసనం నీద కూర్చోండి" అంది. మండపానికి తలుపు లేదు కాబట్టి, ఆట ఎక్కడినుంచో ఒక తలుపు తెచ్చి మరీ మూసింది. తెల్లారింది. మంత్రులంతా ఒకే కిటికీ దగ్గర ఇరుక్కుని, ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగి చూస్తూ, "నిద్ర పట్టిందా?" అన్నారు.

పెద్దావిడ మీటల పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ నవ్వలేదు. "చూడు బాబూ," అంది. "పలకరిస్తే చాలు పడకగదేనా? ఇది ప్రేమా, పందెమా? ఇంతకంటే నువ్వు చెప్పిన మార్కులే నయంలా ఉన్నాయి. కనీసం హారమన్నా ఇవ్వాలిగా."

తొందరగారి ముఖం వెలిగింది. "నమూనా తయారుగా ఉంది మేడం. ఒక్క క్షణంలో పెడతాను."

రచయిత్రి లేచి నిలబడింది. అంతసేపూ పొరపాటును ఎలా కప్పాలా అని చూసిన మనిషికి, తన దృశ్యం పోతోందనేసరికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "ఒక్కణ్ణి చూడలేదండీ మీరు. మీరు ఎవరిని కాదన్నా సరే, ముందు అతన్ని చూడండి. గుడారంలో వైద్యుడున్నాడు."

"అతనూ కిటికీ దగ్గర నిలబడతాడా?"

"ఏమోనండీ. అది అతని ఇష్టం."

ఆ జవాబుకు పెద్దావిడ కనుబొమలు కొద్దిగా లేచాయి. దళపతి, కర్ర తలుపూ కిటికీ అమర్చిన గుడారంలోకి నడిచింది. వైద్యుడు ఎవరికో కట్టు కడుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: 'తమరా! గాయం తగిలితే తప్ప తమరికి ఈ గుడారం గుర్తు రాదు కదా.'

అందరూ తలుపు కోసం చూశారు. తలుపు పడలేదు.

ఎందుకు పడలేదో రచయిత్రికి తెలుసు. వైద్యుడికి వేళాకోళం ఎక్కువ. దళపతిని ఏడిపించడానికి అతనిచేత ఆమె "మీరు" అనిపించలేదు, "తమరు" అనిపించింది. తొందరగారి మీట ఆ మాటను ముట్టుకోలేదు. ఆట మొత్తంలో ఆమె రాసింది రాసినట్టుగా మిగిలిన మనిషి ఇతనొక్కడే.

పెద్దావిడ ముందుకు వంగింది. హారం తీసి ఇచ్చింది. వైద్యుడు దాన్ని వెలుగులో పెట్టి చూసి, 'ఇది అమ్మితే ఈ గుడారానికంతా కట్టుగుడ్డలు వస్తాయి. తమరి పేరు చెప్పి అమ్మనా, దొరికిందని చెప్పనా?' అన్నాడు.

"అబ్బో," అంది పెద్దావిడ. 'ఈ రాత్రి ఇక్కడే ఉంటాను' అనే మాటను ఎంచుకుంది.

'ఉండండి. ఆ మూలనున్నవాడికి జ్వరం. తడిగుడ్డ వేస్తూ ఉండాలి. నాకు చేతులు ఖాళీ లేవు.'

"పని చెప్తున్నాడే నాకు!" అని పెద్దావిడ విసుక్కుంది. విసుక్కుంటూనే దళపతిచేత తడిగుడ్డ వేయించింది. నీళ్ళు మోయించింది. తను గెలిచిన యుద్ధాల గొప్ప చెప్పించింది. వైద్యుడు ఆవులించాడు. కత్తి బహుమతిగా ఇవ్వబోతే, 'నాకున్న కత్తి కుట్లు విప్పడానికి సరిపోతోంది' అన్నాడు. పెద్దావిడ కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకుంది.

"ఏమ్మాయ్, ఏమిస్తే మెత్తబడతాడు ఇతను?"

"ఏమిచ్చినా మెత్తబడడండీ. అతనికి కావాల్సింది వస్తువు కాదు."

"మరేంటి?"

"అది నేను చెప్తే మీకు దక్కదు."

ఆ మాట అన్నాక రచయిత్రికే భయం వేసింది. కానీ పెద్దావిడ అప్పటికే తెరకు తిరిగిపోయింది. తెర మీద యుద్ధానికి ముందు రాత్రి వచ్చింది. వైద్యుడు చేతులు కడుక్కుంటున్నాడు. దళపతి అనదగ్గ మాటలు కింద పడ్డాయి. 'రేపు గెలుస్తాను.' 'నా కోసం ఎదురు చూడు.' 'నాకు భయంగా ఉంది.' పెద్దావిడ వేలు మొదటిదాని మీద ఆగింది, రెండోదాని మీద ఆగింది. కాసేపు ఎటూ కదల్లేదు. తర్వాత మూడోదాన్ని నొక్కింది.

వైద్యుడు వెంటనే తిరగలేదు. తుండుగుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

'నాకూ భయంగానే ఉంది. నువ్వు కూర్చో.'

దీపం తగ్గింది. తలుపు నెమ్మదిగా మూసుకుంది.

అడ్డదారి కళ్ళు తెరిచి చూశాడు. పిట్టలు కూశాయి. వైద్యుడు కిటికీ దగ్గర నిలబడి, "నిద్ర పట్టిందా?" అని అడిగితే, పెద్దావిడ మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది.

తొందరగారు ఉండబట్టలేకపోయాడు. "కావాలంటే తలుపు వెనకది కూడా చూపిస్తాం మేడం. దృశ్యం తయారుగా ఉంది."

"ఊరుకోవయ్యా. వాళ్ళ గదిలో నీకేం పని?" అని ఆవిడ రచయిత్రి వైపు తిరిగింది. "ఇదే ఉంచండి. ఆ మార్కులూ హారాలూ తీసి అవతల పారెయ్యండి. అమ్మాయ్, ఇతని మాటల్లో ఒక్క అక్షరం ఎవరినీ ముట్టుకోనివ్వకు."

రచయిత్రి ముఖం మీద వచ్చిన నవ్వును దాచుకోవడానికి ప్రయత్నించలేదు. దాచుకోవాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు.

"ఇంకో మాట," అంది పెద్దావిడ. "ముందు ఆ చవకబారు తలుపులన్నీ పడేలా చేసి, విసుగొచ్చాక ఇతన్ని తెచ్చి నిలబెట్టడం ఉంది చూశావా, అది అసలు దెబ్బ. వాళ్ళందరూ అంత సులువుగా దొరక్కపోతే ఇతని విలువ నాకు తెలిసేది కాదు. ఎవరిదీ ఆలోచన?"

తొందరగారు నోరు తెరిచాడు.

"మా అత్తగారిదండీ," అంది రచయిత్రి.

"ఆవిడ కూడా రాస్తారా?"

"లేదండీ. ఆవిడకి గర్వం లేదు."

సాయంత్రానికి ఈ సంగతి తెలిస్తే లిఫ్టులో ఏం జరుగుతుందో ఆమె ఊహించుకుంటుండగానే, పెద్దావిడ ఆటను మళ్ళీ గుడారం దగ్గరికి తిప్పింది. హారం ఇవ్వకుండా వెళ్తే ఏమంటాడో చూడాలట. ఆవిడ ఫోన్ మోగింది. కింద కారులో డ్రైవరు. కళ్ళు తెర మీదనుంచి తీయకుండానే, "ఈ రోజు మిగతా పనులన్నీ మానిపించెయ్. నేను వైద్యుడి దగ్గరున్నాను. ఎప్పటికి వదుల్తాడో తెలీదు," అని పెట్టేసింది.

కాసేపటికి తొందరగారి ఫోన్ మోగింది. పెద్దావిడ కొడుకు. "అమ్మకి ఏమైందండీ? డ్రైవరు ఏడుస్తూ ఫోన్ చేశాడు. పరిస్థితి ఎలా ఉంది?" తొందరగారు ఫోన్ రచయిత్రి చేతిలో పెట్టాడు.

రచయిత్రి తెర వైపు ఒకసారి చూసి, ఉన్నది ఉన్నట్టుగా చెప్పింది: "కంగారేం లేదండీ, ప్రాణానికేం ప్రమాదం లేదు. కాకపోతే ఈ రాత్రికి వైద్యుడి దగ్గరే ఉంటానంటున్నారు."